పోస్ట్‌కాన్ఫ్ చాన్నాళ్లు వాడాక: హైఫన్ ఎన్ చూపించనిది

పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎట్లా పనిచేస్తుందో, దాన్ని రాసిన వీట్సే వెనెమా ఎవరో ఇక్కడ చెప్పబోవడం లేదు. దాంతోపాటే వచ్చే, దాని సెట్టింగులు చూపించే పోస్ట్‌కాన్ఫ్ కమాండ్ గురించి, అందులోనూ ముఖ్యంగా ఒక్క ఆప్షన్ గురించి రాస్తున్నాను: హైఫన్ ఎన్. నేను హన్మకొండలో ఉంటూ వరంగల్, కాజీపేట, నర్సంపేట దిక్కు చిన్న చిన్న ఆఫీసుల మెయిల్ సర్వర్లు చూసుకుంటాను. దాదాపు అన్నీ ఎవరో పెట్టి, మధ్యలో వదిలేసి పోయినవే. అట్లాంటి సర్వర్‌లోకి లాగిన్ కాగానే నేను కొట్టే మొదటి కమాండ్ ఇదే.

పోస్ట్‌ఫిక్స్ ముఖ్య సెట్టింగులుండే ఫైలు మెయిన్ డాట్ సీఎఫ్. దాన్ని తెరిచి చదవడమంటే నాకు చిరాకు. సగం కామెంట్లే. మిగతా సగంలో ఇంటర్నెట్ నుంచి తెచ్చి అతికించిన ముక్కలు, ఒకే సెట్టింగ్ పైన ఒకసారి, కింద ఇంకోసారి. పోస్ట్‌ఫిక్స్ కింద ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది, మన కళ్లేమో పైనున్నదాని దగ్గరే ఆగిపోతాయి. హైఫన్ ఎన్ కొడితే ఈ గందరగోళమంతా పోయి, ఆ ఫైలు ప్రకారం చెల్లే విలువలు అక్షరక్రమంలో వరుసగా వస్తాయి. ఏ ఆప్షనూ లేకుండా పోస్ట్‌కాన్ఫ్ అని కొడితే వందల లైన్లు పరుగెత్తుతాయి. ఇదైతే ఒక్క చూపులో అయిపోతుంది.

ఇంకా నచ్చింది దాని వార్నింగులు. ఒక స్కానింగ్ సెంటర్‌లో మెషీన్ నుంచి రిపోర్టుల మెయిల్ వెళ్లడం ఆగిపోయింది, ‘రిలే యాక్సెస్ డినైడ్’ అని వస్తోంది. చూస్తే, ఏ నెట్‌వర్క్ మెషీన్ల మెయిల్‌ను బయటికి పంపనివ్వాలో చెప్పే మైనెట్‌వర్క్స్ అన్న సెట్టింగును ఎవరో చివర ‘ఎస్’ లేకుండా రాసి పోయారు. పోస్ట్‌ఫిక్స్‌లో సొంత పేర్లతో పారామీటర్లు పెట్టుకునే వీలుంది కాబట్టి ఇది తప్పని సర్వర్ ఆగిపోదు, దాని పని అది చేసుకుపోతుంది. పోస్ట్‌కాన్ఫ్ మాత్రం ‘అన్‌యూజ్డ్ పారామీటర్’ అని ఆ పేరు రాసి మరీ చూపించింది. ఇక విలువ పక్కనే హ్యాష్ గుర్తు పెట్టి కామెంట్ రాసేవాళ్లున్నారు. ఇక్కడ హ్యాష్ లైను మొదట్లో ఉంటేనే కామెంట్, విలువ తర్వాత వస్తే అదీ విలువలో భాగమే. ఆ కామెంట్ తోకతో సహా లిస్టులో కనబడుతుంది కాబట్టి దొంగ వెంటనే దొరుకుతాడు.

‘మనం మార్చినవి మాత్రమే చూపిస్తుంది’ అని దీని గురించి అందరూ చెప్పే మాట పూర్తిగా నిజం కాదు. ఫైలులో రాసి ఉన్నవన్నీ చూపిస్తుంది, అవి డిఫాల్టుతో సమానంగా ఉన్నా సరే. అసలు తేడాలే కావాలంటే డిఫాల్టులు చూపించే హైఫన్ డి లిస్టునూ, హైఫన్ ఎన్ లిస్టునూ ‘కామ్’ కమాండ్‌కు ఇచ్చి పోల్చుకోవాలి. పెద్ద పనేం కాదు.

అసలు కథ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి ఖరీదుదారు ఆఫీసులో జరిగింది. మార్చి నెల, యార్డు నిండా బస్తాలు. తక్‌పట్టీలు (సరుకు అమ్మకం లెక్క చీటీలు), కోల్డ్ స్టోరేజీ రసీదులు స్కాన్ చేసి, శాంపిల్ కాయల ఫొటోలు జతచేసి బయటి పార్టీలకు పంపుతుంటారు. అకౌంటెంట్ ఫోన్ చేశాడు: “అన్నా, తక్‌పట్టీల మెయిల్ పోతలేదు. సైజు పెంచిన అంటివి గదా!”

పెంచిన మాట నిజమే. మెసేజ్ సైజ్ లిమిట్ డిఫాల్టుగా 10240000 బైట్లు ఉంటుంది, దాన్ని 26214400 చేసి ఉంచాను. హైఫన్ ఎన్ కొడితే అదే అంకె కనబడుతోంది. అయినా అవుట్‌లుక్‌లో మాత్రం ‘552 5.3.4 మెసేజ్ సైజ్ ఎక్సీడ్స్ ఫిక్స్‌డ్ లిమిట్’. ఆరు మెగాబైట్ల ఫైలు పోతోంది, ఎనిమిది మెగాబైట్లది ఆగుతోంది. అటాచ్‌మెంట్ మెయిల్‌లో పోవడానికి బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారాక మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. అంటే ఎక్కడో ఇంకా ఆ పాత కోటి చిల్లర బైట్ల హద్దే నడుస్తోందన్నమాట.

మార్చిన సెట్టింగులను సర్వర్‌తో మళ్లీ చదివించే రీలోడ్ మీద మొదట అనుమానం వచ్చింది. పోస్ట్‌కాన్ఫ్ చదివేది ఫైలునే, నడుస్తున్న ప్రాసెస్‌ను కాదు. మళ్లీ రీలోడ్ ఇచ్చాను, ఏం మారలేదు. అప్పుడు అకౌంటెంటే ఇంకో మాట అన్నాడు: బయటి నుంచి వచ్చే పెద్ద మెయిళ్లు మంచిగనే వస్తున్నాయట. ఆ మాటతో దారి దొరికింది. నెట్‌క్యాట్‌తో, బయటి సర్వర్ల మెయిల్ వచ్చే పోర్టు 25కు కనెక్టయి ఈహెచ్‌ఎల్‌ఓ అనే పలకరింపు కమాండ్ కొడితే ‘సైజ్ 26214400’ అని వచ్చింది. అదే సర్వర్‌లో, ఆఫీసు అవుట్‌లుక్ మెయిల్ అప్పగించే పోర్టు 587కు కొడితే ‘సైజ్ 10240000’. ఒకే సర్వర్, రెండు తలుపులు, రెండు కొలతలు.

అప్పుడు కొట్టాను హైఫన్ పెద్ద పి. ఇది పోస్ట్‌ఫిక్స్ సర్వీసుల జాబితా ఉండే మాస్టర్ డాట్ సీఎఫ్‌లో ఒక్కో సర్వీసుకు విడిగా ఇచ్చిన సెట్టింగులను ఒక్కో లైనులో చూపిస్తుంది. ఆ లైన్ల మధ్యలో ఉంది: సబ్‌మిషన్/ఐనెట్/మెసేజ్_సైజ్_లిమిట్ = 10240000. సబ్‌మిషన్ అంటే ఆ 587 తలుపే. నాకు ముందు ఎవరో ఆ సర్వీసు కింద, దానికి మాత్రమే విడిగా విలువ ఇచ్చే హైఫన్ ఓ పెట్టి రాసి పోయారు. మెయిన్ డాట్ సీఎఫ్‌లో ఎంత పెంచినా ఆ సర్వీసుకు చెల్లేది మాస్టర్‌లో రాసిందే. హైఫన్ ఎన్ చూపించేది, మార్కెట్లో పొద్దున ముందుగా పలికే జెండా పాట ధర లాంటిది. యార్డులో మన బస్తా ఆ ధరకే పోయిందని దాన్నిబట్టి చెప్పలేం.

హైఫన్ ఎన్ మెయిన్ డాట్ సీఎఫ్‌ను మాత్రమే చూపిస్తుందని మాన్యువల్‌లో స్పష్టంగానే ఉంది. అయినా నా కోపం పోలేదు. అక్షరం తప్పు రాస్తే పట్టుకునే పనిముట్టు, ‘ఈ సెట్టింగుకు మాస్టర్‌లో వేరే విలువ ఉంది, చూసుకో’ అని ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది? మెయిల్‌బాక్సుల పని చూసే డవ్‌కాట్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇట్లాంటిదే డవ్‌కాన్ఫ్ ఉంది, ఈ విషయంలో అది మెరుగు. అక్కడ హైఫన్ ఎన్ కొడితే ప్రోటోకాల్‌కు విడిగా రాసినవి కూడా బ్లాకులుగా అదే లిస్టులో వస్తాయి. పాస్‌వర్డులు దాచి, కావాలంటే పెద్ద పి వాడమని చెప్తుంది. అక్కడ పెద్ద పి అంటే దాచినవి చూపించడం, ఇక్కడ మాస్టర్ సెట్టింగులు. ఇక పోస్ట్‌కాన్ఫ్‌లో చిన్న పి మళ్లీ వేరే. రాత్రి పూట ఫోన్‌లో టెర్మినల్ తెరిచి పనిచేసేవాళ్లకు ఇది మంచి పరీక్షే.

తీసేయడం మాత్రం సులువు. పెద్ద పి, పెద్ద ఎక్స్ కలిపి ఆ సర్వీసు, పారామీటర్ పేరు ఇస్తే లైను పోయింది. రీలోడ్ ఇచ్చాను, తక్‌పట్టీలు కదిలాయి. అప్పటి నుంచి హైఫన్ ఎన్, పెద్ద పి రెండూ కలిపి ఒక చిన్న స్క్రిప్టులో పెట్టుకున్నాను. ఒంటరిగా హైఫన్ ఎన్ చూసి ‘సెట్టింగ్ కరెక్టే’ అని ఎవరికీ ఫోన్‌లో చెప్పడం మానేశాను.

నాలాగా ఇతరులు పెట్టిపోయిన సర్వర్లను చేతితో సర్దుకునేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే కమాండ్ నాకైతే కనబడలేదు. పదుల సర్వర్లను ఆన్సిబుల్ లాంటి ఆటోమేషన్ పనిముట్టుతో నడిపేవాళ్లకు దీని అవసరం అంతగా పడకపోవచ్చు. సీప్యానెల్ హోస్టింగ్ తీసుకున్నవాళ్లకు అసలే పడదు, అక్కడ వెనక నడిచేది ఎగ్జిమ్ అనే వేరే మెయిల్ సర్వర్. ఇంకో చిక్కు: పెద్ద పి వచ్చింది పోస్ట్‌ఫిక్స్ 2.11లో. సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్‌తో వచ్చేది 2.10. ఆ లినక్స్‌కు 2024 జూన్‌తోనే సపోర్టు ముగిసినా, నేను చూసే ఒక మిల్లులో ఇంకా అదే నడుస్తోంది. అక్కడ పెద్ద ఎం కొట్టి మాస్టర్ ఫైలు మొత్తం తెర మీద పరుచుకుని, హైఫన్ ఓలు ఎక్కడున్నాయో కళ్లతోనే వెతుక్కుంటున్నాను. కొత్త సర్వర్ సంగతి సీజన్ అయినంక చూద్దామంటున్నాడు సేటు.