మెకాంగ్ డెల్టా: మీథో వెళ్లొచ్చేయాలా, కాన్‌థోలో రాత్రి ఉండాలా?

వియత్నాంలోని హోచిమిన్ సిటీ నుంచి మెకాంగ్ నది డెల్టాలో ఉన్న మీథో సుమారు 70 కిలోమీటర్లే, బెన్‌త్రే దాని పక్కనే. నీళ్లలో పెరిగే నీపా అనే తాటిజాతి చెట్ల ఆకుల నీడలో చిన్న పడవ షికారు, కొబ్బరి మిఠాయి తయారుచేసే చోటు, భోజనం, సాయంత్రానికి తిరుగు బస్సు. చంటిపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే ఇదే నయం. కాకపోతే అందరినీ ఒకే దారిలో తిప్పుతారు. పైగా కోనసీమ చూసినవాళ్లకు కొబ్బరితోటలు కొత్తా?

కాన్‌థో దాదాపు 170 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటల దాకా పడుతుంది. అయినా నా ఓటు దానికే. తెల్లారగట్ల ఐదింటికల్లా పడవెక్కితే కైరాంగ్ తేలే సంతకి వెళ్లొచ్చు. ఇక్కడ సరుకు పేరు అరవక్కర్లేదు, పొడవాటి గెడకు అదే వేలాడుతుంటుంది: అనాస, గుమ్మడి, చిలగడదుంప. కొబ్బరాకు కట్టి ఉంటే మాత్రం పడవే అమ్మకానికని! మన పడవకు ఆనించిన చిన్న పడవలో ఒకావిడ నూడుల్స్ మీద వేడి పులుసు పోసి, ఊగుతూనే ఒక్క చుక్క ఒలకకుండా గిన్నె అందిస్తుంది.

రోడ్లు, వంతెనలు వచ్చాక సరుకు పడవలు బాగా తగ్గాయి. పాత ఫొటోలు చూసి వెళ్తే నిరాశే. ఎనిమిది దాటాక వెళ్తే ఎక్కువగా కనబడేవి మనలాంటి టూరిస్టుల పడవలే.