జెలటిన్ తొట్టిలో చిట్టి అగ్నిపర్వతాలు: ఈ కిట్ కొనొచ్చా?

బడి ఎగ్జిబిషన్‌లో అగ్నిపర్వతం అంటే మట్టి దిబ్బ, దాంట్లో వంటసోడా, వెనిగర్, కాస్త ఎర్ర రంగు. నురగ పొంగుతుంది, చప్పట్లు కొడతారు. ఆ కొండ అక్కడే ఎందుకు లేచింది, గుండ్రంగా ఉండకుండా ఒకవైపు ఎందుకు సాగింది, పక్కపక్కనే ఓ పది కొండలు ఎందుకు వరస కట్టాయి అని ఏ పిల్లాడైనా అడిగితే సోడా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్‌లో సైన్సు పరికరాలు అమ్మే ఒక దుకాణం తయారుచేయిస్తున్న ఈ కిట్ సరిగ్గా ఆ ప్రశ్నల మీదే పనిచేస్తుంది. ధర నాలుగు వేల చిల్లర. తొట్టి బాగుంది, ఇచ్చిన సరుకులు సగమే పనికొస్తాయి, పుస్తకం మాత్రం అసలు విషయాన్నే తప్పుగా చెప్పింది.

పెట్టెలో ఏముందంటే: 5 మి.మీ. మందం యాక్రిలిక్ తొట్టి, పొడవు 30 సెం.మీ., వెడల్పు 20, ఎత్తు 20. నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. అడుగున మధ్యలో రబ్బరు బిరడా, సూది గుచ్చడానికి. పొడవు చివర్లలో లోపల రెండు కదిలే పలకలు, ఒక్కో పలకకి రెండేసి ఎం6 మరలు. పొడవాటి గోడలకి ఆనించే 3 మి.మీ. షీట్లు రెండు. 200 గ్రాముల జెలటిన్, 10 మి.లీ. సిరంజి, సూది, ఎర్రటి ఫుడ్ కలర్, అగ్నిపర్వత ప్రాంతాల మ్యాపులు ఐదు, ఒక చిన్న పుస్తకం.

దీని విలువంతా ఆ మరల్లో ఉంది. ఇక్కడ జెల్ రాయి, ఎక్కించే నూనె మాగ్మా; మరలు బిగిస్తే జెల్‌ని ఏ దిక్కున ఎక్కువ నొక్కాలో మన చేతిలో ఉంటుంది. భూమి లోపల మాగ్మా, అంటే కరిగిన రాయి, పైకి రావడానికి సిద్ధంగా గొట్టమేమీ ఉండదు. రాతిని చీల్చుకుని, ఆ చీలికనే దారి చేసుకుని వస్తుంది. చీలిక తెరుచుకోవాలంటే రెండు గోడలూ పక్కకి జరగాలి. ఏ దిక్కున ఎదురు ఒత్తిడి తక్కువో ఆ దిక్కుకే జరుగుతాయి. కాబట్టి చీలిక ఆ దిక్కుకి అడ్డంగా నిలబడుతుంది. అలా గడ్డకట్టిన నిలువు చీలికనే డైక్ అంటారు. 1957లో హబ్బర్ట్, విల్లిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు చమురు బావుల్లో రాయి ద్రవ ఒత్తిడికి ఎటు పగులుతుందో తేల్చడానికి జెలటిన్‌లోకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఎక్కించి చూశారు. 1972లో ఫిస్కే, జాక్సన్ హవాయి పర్వతాల చీలికల కోసం మళ్ళీ జెలటిన్‌నే నమ్ముకున్నారు. ఈ తొట్టికి అంత మంచి వంశం ఉంది.

ముందు సరుకుల లెక్క. తొట్టిని 15 సెం.మీ. దాకా నింపమని పుస్తకం చెప్తుంది. అంటే 9 లీటర్లు. ఇచ్చిన 200 గ్రాముల జెలటిన్ అంత నీళ్ళకి 2.2 శాతమే అవుతుంది. చల్లటి దేశంలో అది సరిపోతుందేమో, హైదరాబాద్ గదిలో ఫ్రిజ్ నుంచి తీసిన అరగంటకే అంచులు జారిపోతాయి. ఇక్కడ 3 శాతం కావాలి. అంటే ఇంకో 70 గ్రాములు కొనుక్కోవాలి, లేదంటే 11 సెం.మీ. దగ్గరే ఆపాలి. కొనేటప్పుడు 250 బ్లూమ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. బ్లూమ్ అంటే జెల్ గట్టిదనానికి కొలత, కిట్‌లోని పొట్లం మీద ఆ అంకె లేదు.

జెలటిన్‌ని ముందు చల్లటి నీళ్ళలో పావుగంట నానబెట్టి, ఉబ్బాక 70–80 డిగ్రీల వేడినీళ్ళు కలపాలి. పొయ్యి మీద మరిగించొద్దు, మరిగితే పట్టు పోతుంది. పప్పుగుత్తితో చిలికితే గాలి బుడగలు చేరతాయి, ప్రతి బుడగా తర్వాత ఒక పగులుకి మొదలవుతుంది. గరిటెతో నెమ్మదిగా తిప్పి, పైన తేలిన నురగ తీసేయాలి. పోసేముందు పక్క షీట్లకి రెండువైపులా నూనె రాయాలి, లేకపోతే తర్వాత బయటికి రావు. పోశాక జెల్ పైన కూడా పల్చగా నూనె పొర ఉంచితే మీగడలా ఎండిన తొక్క కట్టదు. గది వేడికి దిగాక ఫ్రిజ్‌లో 20 నుంచి 24 గంటలు. నిండిన తొట్టి పది కిలోలు దాటుతుంది, కాళ్ళతో కలిపి ఎత్తు కూడా ఎక్కువ. ఇంటి ఫ్రిజ్‌లో ఒక గాజు అర తీసేయక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ఈ ప్రయోగం పెట్టుకోవద్దు. 30 డిగ్రీలు దాటితే జెలటిన్ నీరుగారిపోతుంది.

జంతువుల తోలు, ఎముకల నుంచి వచ్చిన సరుకు వద్దనుకునే ఇళ్ళు, బళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్ వాడుకోవచ్చు. లీటరుకి 4 గ్రాములు మించొద్దు. ఎండాకాలంలోనూ కరగదు, అది పెద్ద లాభం. కాకపోతే కాస్త మసగ్గా ఉంటుంది, నీరు వదులుతుంది, పగులు అంచు గరుకుగా వస్తుంది. దిక్కు మాత్రం సరిగ్గానే చూపిస్తుంది.

మాగ్మాగా వంటనూనె వాడమన్నారు, అది సరైన మాటే. నీళ్ళ బరువు దాదాపు జెల్ బరువే కాబట్టి సిరంజి నెట్టినంతసేపే కదులుతుంది. నూనె తేలిక, తనంతట తనే పైకి పాకుతుంది. కానీ నూనెకి కిట్‌లో ఇచ్చింది నీళ్ళలో కలిసే రంగు! నూనెలో అది కలవదు, సిరంజి అడుగున ఎర్రటి పూసల్లా కూర్చుంటుంది. దీనికి మందు బేగంబజార్‌లో ఉంది. మాంసం కూరలకి ఎరుపు కోసం వేసే రతన్‌జోత్ వేరు చిన్న ముక్క గోరువెచ్చటి నూనెలో వేసి, రంగు దిగాక గుడ్డలో వడకట్టి, పూర్తిగా చల్లార్చి వాడండి. చిక్కటి ఎరుపు, నలకలు ఉండవు. కారప్పొడి నూనె కూడా పనిచేస్తుంది కానీ వడకట్టడం కష్టం. వేడి తగ్గకుండా ఎక్కిస్తే నూనె జెల్‌ని చీల్చదు, కరిగించుకుంటూ పోతుంది.

ఇక ప్రయోగం. గట్టిపడ్డాక పక్క షీట్లు రెండూ లాగేయాలి. పొడవాటి గోడల పక్కన 3 మి.మీ. సందు మిగులుతుంది. ఎం6 మర ఒక చుట్టుకి 1 మి.మీ. జరుగుతుంది. రెండు చివర్లా ఒకటిన్నర చుట్టు బిగిస్తే 300 మి.మీ. జెల్ 3 మి.మీ. కుదించుకుంటుంది, వెడల్పువైపు సందుల్లోకి ఉబ్బుతుంది. ఒక పలక మీది రెండు మరల్నీ సమానంగా తిప్పాలి, లేకపోతే పలక వాలి నూనె ఒక మూలకి పోతుంది. సూది మొన ఏటవాలు కోత. మొదటి పగులు ఆ కోత ఎటుంటే అటే పుడుతుంది. కావాలనే దాన్ని తప్పు దిక్కుకి తిప్పి గుచ్చండి. 5 నుంచి 8 మి.లీ. నూనె నిదానంగా ఎక్కించి ఆపండి. ఒకటి రెండు సెంటీమీటర్లు తప్పు దారిలో లేచిన పగులు మెల్లగా మెలితిరిగి, బిగించిన దిక్కుకి సమాంతరంగా నిలబడుతుంది. ఎదురుగా చూస్తే తలకిందులు చేసిన తమలపాకు, తొడిమవైపు వెడల్పు పైకి, కొస కిందికి. పక్కకి వచ్చి చూస్తే ఎర్ర దారం. జెల్ పైకి తేలేటప్పుడు చుక్కలా కాదు, గీతలా బయటపడుతుంది. చిట్టి అగ్నిపర్వతాలు వరస కట్టే కారణం ఆ గీతే.

ఐస్‌లాండ్‌లో ఏడాదికి సుమారు 2 సెం.మీ. చొప్పున నేల రెండుగా విడిపోతోంది. అక్కడ 1783లో లాకీ చీలిక 27 కి.మీ. పొడవున తెరుచుకుంది, దాని మీద 130కి పైగా ముఖాలు, అంటే లావా బయటికి వచ్చే నోళ్ళు, వరసగా లేచాయి. మనకి దగ్గరి ఉదాహరణ సౌదీలోని మదీనా. హైదరాబాద్ నుంచి ఉమ్రాకి వెళ్ళేవాళ్ళకి నగరం పక్కన కనిపించే నల్లటి రాళ్ళ నేల హర్రత్ రహత్ అనే లావా మైదానమే. 1256లో అక్కడ ఒకే వరసలో ముఖాలు తెరుచుకుని 52 రోజులు లావా పారింది. ఆ మైదానంలో కొండల వరసలు ఎర్ర సముద్రం వారగానే ఉంటాయి, ఎందుకంటే నేలని లాగేది సముద్రం తెరుచుకునే దిక్కు. ప్రతి పగులూ పైకి రావాలనీ లేదు. 2009లో సౌదీలోనే హర్రత్ లునయ్యిర్ అనే ఇంకో లావా మైదానం కింద డైక్ లేచింది, 30 వేలకి పైగా భూకంపాలు నమోదయ్యాయి, 40 వేల మందిని ఖాళీ చేయించారు, నేల 8 కి.మీ. పొడవున పగిలింది. మాగ్మా మాత్రం పైకి రాకుండానే ఆగిపోయింది.

ఇప్పుడు పుస్తకం చేసిన పెద్ద తప్పు. ‘పక్క షీట్లు తీయడం మరిచిపోతే నూనె అడ్డంగా పరుచుకుని ప్రయోగం పాడవుతుంది’ అని హెచ్చరించారు. పాడవడం కాదు, ఈ కిట్ చూపించగల రెండో సగం అదే. షీట్లు ఉంచేసి, ఒక్కోవైపు ఐదేసి చుట్లు బిగించండి. జెల్‌కి పక్కలకి జరిగే చోటు లేదు, తెరిపి పైకి మాత్రమే. అప్పుడు చీలిక గోడలు విడిపోవడానికి సులువైన దిక్కు పైకీ కిందికీ. నిలువుగా బయల్దేరిన నూనె కాస్త లేచి, ఊతప్పంలా అడ్డంగా పరుచుకుంటుంది. దీన్ని సిల్ అంటారు. భూమి పై పొర ముక్కలైన పెద్ద పలకలు ఒకదాన్నొకటి నెట్టుకునే చోట చిన్న మాగ్మా ముద్దలు ఇలాగే దారిలో చిక్కుకుంటాయి, పోగుపడతాయి. అందుకే అలాంటి చోట విడివిడి చిట్టి కొండలు తగ్గి, ఒకే చోట పెద్ద పర్వతం పెరిగే అవకాశం ఎక్కువ. దీనికి తేడాగా, మెక్సికోలో సముద్రం కింది కోకోస్ పలక కిందికి దిగుతున్నా, మిచోవకాన్–గ్వానాహ్వాతో ప్రాంతంలో పై పొర సాగుతోంది. అక్కడ వెయ్యికి పైగా చిట్టి కొండలున్నాయి. 1943 ఫిబ్రవరి 20న మొక్కజొన్న చేలో పుట్టిన పరికుటిన్ వాటిలో ఒకటి. తొమ్మిదేళ్ళలో చేను మీంచి 424 మీటర్లు పెరిగి ఆగిపోయింది. షీట్లు తీసి ఒకసారి, ఉంచి ఒకసారి, రెండు తొట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఈ తేడా చెప్పడానికి వేరే పాఠం అక్కర్లేదు.

తొట్టి చూపించలేనివీ ఉన్నాయి. భూమి పలకలు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ జరిగే చోట కొండల వరసలు మెట్లలా పక్కకి తప్పుకుంటూ ఉంటాయి. తొట్టిలోని పలకలు అలా జరగవు. నూనె గడ్డకట్టదు కూడా. నిజం చీలికలో సన్నటి చోట్ల లావా త్వరగా చల్లబడి మూసుకుపోతుంది, కొన్ని గంటల్లోనో రోజుల్లోనో చీలిక పొడవునా లేచిన అగ్ని తెర రెండు మూడు ముఖాలకి కుదించుకుపోతుంది, వాటి చుట్టూ కొండలు లేస్తాయి. కొండ ఆకారం కోసం కిట్‌లో ఏమీ ఇవ్వలేదు. ఆ లోటు వంటింట్లో తీరుతుంది. ఒక అట్టకి గుండ్రటి కన్నం, ఇంకో అట్టకి 6 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు సందు కోసి, పైనుంచి బొంబాయి రవ్వ పోయండి. కన్నం కింద గుండ్రటి కుప్ప, సందు కింద సాగిన గుట్ట. పక్క వాలు రెండిటికీ ఒకటే, ఎందుకంటే అది రవ్వ గుణం. నిజం కొండల్లో వదులు రాళ్ళ వాలు 30 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ. వాలు రాళ్ళని బట్టి, సాగిన దిక్కు కింది చీలికని బట్టి. వాలు నేల మీద లేచిన కొండ అంచు పల్లంవైపు తెగుతుంది కాబట్టి, తెగిన దిక్కుని చీలిక దిక్కుగా లెక్కేసేముందు నేల వాలు చూసుకోవాలి.

మ్యాపుల దగ్గర రెండు జాగ్రత్తలు. ఎత్తుపల్లాలు కనిపించేలా వెలుగునీడలు వేసిన మ్యాపులివి, ఐదింటికీ వెలుగు వాయవ్యం నుంచే వేశారు. వెలుగు వచ్చే దిక్కుకి దగ్గరగా సాగే గీతలకి నీడ పడదు, అవి మాయమవుతాయి. హర్రత్ రహత్ వరసలు సాగేది ఇంచుమించు ఆ దిక్కునే, దాంతో ఆ మ్యాపులో చూడాల్సిందే కనబడదు. ఎస్‌ఆర్‌టీఎం అనే, అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తుల డేటా 30 మీటర్లకి ఒక గడి చొప్పున ఉచితంగా దొరుకుతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి వెలుగుని ఈశాన్యానికి మార్చి మళ్ళీ ప్రింట్ తీసుకోండి. 800 మీటర్ల అడుగున్న కొండ అందులో 27 గడుల వెడల్పు వస్తుంది, కొలవడానికి చాలు. రెండోది, ‘మూడు కొండలు కలిస్తే ఒక చీలిక’ అని పుస్తకం రాసిన సూత్రం. ముగ్గు చుక్కలు ఎటు కావాలంటే అటు కలుస్తాయి. కాగితం మీద ఓ వంద ఆవాలు చల్లి చూడండి, మూడేసి వరసలు బోలెడు కనిపిస్తాయి. వరసతో పాటు ముఖం సాగిన దిక్కు, కొండ అడుగు సాగిన దిక్కు కూడా అదే అయితేనే దాన్ని చీలికగా రాసుకోవాలి.

నగరంలో ఉన్నవాళ్ళకి ఒక సదుపాయం ఉంది. హైదరాబాద్ చుట్టూ గ్రానైట్‌ని కోసుకుంటూ పోయే నల్లటి డోలరైట్ (మాగ్మా గడ్డకట్టిన రాయి) డైకులున్నాయి, కొన్ని రెండు వందల కోట్ల ఏళ్ళు దాటినవి. పైనున్న కొండలు ఎప్పుడో అరిగిపోయాయి, తొట్టిలోని ఎర్ర దారం లాంటి వేర్లు మాత్రం రాతిలో మిగిలాయి. పుస్తకంలో వీటి మాటే లేదు.

బళ్ళకి, భూగర్భశాస్త్రం డిగ్రీ విద్యార్థులకి కొనమనే చెప్తాం, ఐదుకి మూడున్నర. ఇంట్లో ఒక్కసారి చూసి పక్కన పెట్టేవాళ్ళకి దండగ. సూది మొన పదును కాబట్టి పిల్లల చేతికి సిరంజి ఇవ్వొద్దు, గుచ్చడం పెద్దవాళ్ళే చేయాలి. వాడిన జెల్‌ని కరిగించి సింకులో పోస్తే పైపులో మళ్ళీ గడ్డకడుతుంది. ముక్కలు కోసి తడిచెత్త బుట్టలో వేయండి. యాక్రిలిక్‌ని స్పిరిట్‌తో తుడవొద్దు, మరల చుట్టూ సన్నటి పగుళ్ళు వస్తాయి. గోరువెచ్చటి సబ్బునీళ్ళు చాలు.