నాలుగేళ్లు, 52 రోల్స్, ఒక ఫిల్మ్ స్కానర్

మా ఇంట్లో ఒక రేకు డబ్బా నిండా నెగెటివ్‌లు ఉన్నాయి. మొత్తం 61 రోల్స్, అన్నీ నాన్న తీసినవే. వాటి కోసమే, మూతలో కూడా లైటుండే ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొని నాలుగేళ్లయింది. ఇప్పటికి 52 రోల్స్ అయ్యాయి. ఈ సమీక్ష మొదటి వారంలో రాసుంటే ఆకాశానికెత్తేసేవాణ్ణి, రెండో నెలలో రాసుంటే తిట్టిపోసేవాణ్ణి.

పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలుగా చదువుతుందనే లెక్క) అని పెద్దక్షరాలతో ఉంది. అది పట్టించుకోకండి. ఒకే ఫ్రేమ్‌ను 2400లోనూ 6400లోనూ స్కాన్ చేసి, చొక్కా గుండీల దగ్గర జూమ్ చేసి పక్కపక్కన పెట్టి చూశాను. గుండీ రంధ్రాలు రెండింట్లోనూ ఒకేలా మసకగా ఉన్నాయి, ఫైలు మాత్రం ఏడు రెట్లయింది. 2400 చాలు. 35 ఎంఎం ఫ్రేమ్‌కి దాదాపు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి, ఆల్బమ్ సైజు ప్రింటుకి అవే ఎక్కువ.

అసలు విసుగు ప్లాస్టిక్ హోల్డర్‌తో. ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్న ఫిల్మ్ అందులో పెట్టగానే విల్లులా వంగుతుంది. మధ్యలో ఫోకస్ పోతుంది. వంగి గాజుకి తగిలితే నీళ్ల మీద నూనె తేలినట్టు రంగురంగుల వలయాలు పడతాయి. స్ట్రిప్పులను కవర్లలో పెట్టి, లావుపాటి పుస్తకాల కింద వారం రోజులుంచితే చాలావరకు దారికొచ్చాయి. హోల్డర్ కింద అట్టముక్కలు పెట్టి కాస్త ఎత్తితే ఫోకస్ కూడా మెరుగుపడింది. ఇవేవీ మాన్యువల్‌లో లేవు.

ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము, గీతలు తీసేసే ఫీచర్ కలర్ నెగెటివ్‌ల మీద అద్భుతం. కాకపోతే నెమ్మది. పన్నెండు ఫ్రేములకు దాదాపు నలభై నిమిషాలు. బ్లాక్ అండ్ వైట్‌కి మాత్రం దాన్ని ఆపేయాలి. ఆ ఫిల్మ్‌లో బొమ్మే వెండితో ఏర్పడుతుంది, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది, దాంతో స్కానర్ బొమ్మనే దుమ్మనుకుంటుంది. అది తెలియక, మొహాలన్నీ పూసినట్టు వస్తుంటే నెగెటివ్‌లే పాడైపోయాయని ఒక ఆదివారమంతా టెన్షన్ పడ్డాను.

ఇంత తిట్టుకుంటూ కూడా ఎందుకు వదల్లేదంటే, ఆల్బమ్‌లో లేనివి నెగెటివ్‌లలో ఉన్నాయి. నాన్న రోల్‌కి ఏడో ఎనిమిదో ప్రింట్లు వేయించేవారు, మిగతావి ఎవరూ చూడనే లేదు. ఆల్బమ్‌లో అక్క నవ్వుతూ నిలబడ్డ ఫొటో ఒకటుంది, మోకాళ్ల దాకానే. ఆ రోజు తన చెప్పు తెగిందని అక్క ఎప్పుడూ అంటుంది. నీ మొహం, ఊరికే ఏడ్చావని అమ్మ అంటుంది. ముప్పై ఏళ్ల పంచాయితీ అది. ఫిల్మ్ అంచున ఉండే నంబరు చూస్తే ఆ ఫొటో 17. దానికి ముందు 16లో అక్క నోరంతా తెరిచి ఏడుస్తోంది, మేనత్త నేల మీద కూర్చుని, పిన్నీసు పళ్ల మధ్య పట్టుకుని, చెప్పు పట్టీ సరిచేస్తోంది. వెనక అమ్మ. చూస్తూనే ఉంది!

అందుకే బాగున్నవి ఏరి స్కాన్ చేయొద్దు. రోల్ మొత్తం, వరసలోనే చేయండి, ఫైలు పేరులో ఫ్రేమ్ నంబరు ఉంచండి. డబ్బాలో వెనిగర్ వాసన వేసే రోల్ ఉంటే దాన్ని విడిగా పెట్టి ముందు అదే చేయండి. ఫిల్మ్ పాడవడం మొదలైతే వచ్చే వాసన అది, పక్కవాటినీ పాడుచేస్తుంది.

మళ్లీ కొంటానా? 35 ఎంఎం ఒక్కటే అయితే కొనను, డిజిటల్ కెమెరా, బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్, లైట్ ప్యానెల్‌తో ఇంతకన్నా త్వరగా, స్పష్టంగా వస్తాయి. నాన్న దగ్గర 120 అనే వెడల్పాటి రకం ఫిల్మ్ కూడా ఉంది కాబట్టి ఉంచుకున్నాను, పెద్ద నెగెటివ్‌లకి ఇది బాగానే పనిచేస్తుంది. మిగిలిన తొమ్మిది రోల్సూ అవే. 16వ ఫ్రేమ్ ప్రింటు వేయించి ఇచ్చాను. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, ఆ చెప్పు మేనత్తదేనంటోంది.