లాక్ నెస్ అడుగున 45 ఏళ్లున్న విమానం కోసం: మా స్కాట్లాండ్, వేబ్రిడ్జ్ యాత్ర

స్కాట్లాండ్ వెళ్తున్నాం అనగానే ఆఫీసులో అందరూ అడిగింది ఒక్కటే: "నెస్సీని చూస్తారా?" లాక్ నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే ఆ వింతజంతువు నెస్సీ మీద నాన్నకు ఏమాత్రం ఆసక్తి లేదు. ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ బాగుచేసే పనిలో, పదిహేనేళ్లు చేసిన మనిషి. ఆ సరస్సులో మునిగిన, రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ వెల్లింగ్టన్ బాంబర్ గురించి ఎప్పుడో చదివారట. నేను రెడింగ్‌లో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ "అక్కడికొస్తే అది చూపించాలమ్మా" అంటూనే ఉన్నారు.

ఆ కథ ముందు చెప్పాలి. 1940 డిసెంబర్ 31న స్కాట్లాండ్ ఊరు లాసీమౌత్‌లోని 20వ ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్ నుంచి కుర్రాళ్లకు నావిగేషన్ నేర్పడానికి ఈ విమానం బయల్దేరింది. నంబరు ఎన్2980, లోపల ఎనిమిది మంది. కొండల మీద మంచు కురుస్తుండగా కుడి ఇంజిన్ ఆగిపోయింది. కెప్టెన్ మార్వుడ్-ఎల్టన్ సిబ్బందిని పారాచూట్లతో దూకేయమన్నారు. తోకలో కూర్చునే గన్నర్ సార్జంట్ ఫెన్సమ్ పారాచూట్ విమానం తోకకే చిక్కుకుంది. ఆయన ప్రాణం పోయింది. అంతలో మబ్బుల సందులోంచి సరస్సు కనబడితే, పైలట్లిద్దరూ విమానాన్ని నీళ్ల మీద దించారు. రబ్బరు పడవలో ఒడ్డుకు చేరి, రోడ్డు మీద పోతున్న లారీని ఆపి ఇన్వర్నెస్ వెళ్లారు.

లండన్ నుంచి రాత్రి రైలెక్కి పొద్దున్నే ఇన్వర్నెస్‌లో దిగాం. పెద్దవాళ్లతో వెళ్తే ఇదే నయం. ఎయిర్‌పోర్టు టెన్షన్ లేదు, బెర్తు మీద కాళ్లు చాపుకోవచ్చు. అక్కణ్ణుంచి సరస్సు పక్కనున్న డ్రమ్‌నడ్రాకెట్ ఊరికి బస్సులో అరగంట. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి, దారి పొడవునా సరస్సు కనిపిస్తూనే ఉంటుంది.

బస చేసిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగా ఉంది, కానీ రాత్రి పదకొండుకే హీటర్ ఆపేశారు. నాన్న స్వెట్టర్ మీద నా శాలువా కూడా కప్పుకుని పడుకున్నారు. బుక్ చేసేముందు ఈ సంగతి అడిగి తెలుసుకోండి. టిఫిన్‌లో శాకాహారులకు బీన్స్, పుట్టగొడుగులు, టోస్ట్ పెట్టారు. మిగతా రెండు పూటలూ మేం పట్టుకెళ్లిన కందిపొడి, ఎలక్ట్రిక్ కుక్కరే ఆదుకున్నాయి.

సరస్సు ఒడ్డునున్న అర్కహార్ట్ కోటకు టికెట్ ముందే తీసుకుంటే మంచిది, వేసవిలో కారు పార్కింగ్ కూడా దొరకదు. కోట శిథిలమే, మెట్లు ఎక్కువ. అయినా గోడ దగ్గర నిలబడితే సరస్సు మొత్తం కళ్లముందు పరుచుకుని ఉంటుంది. విమానం దిగింది ఈ పక్కనే. పీట్ మట్టి కలిసిన నీళ్లు డికాషన్‌లా నల్లగా ఉన్నాయి, ఒడ్డున చెయ్యి ముంచితే వేళ్లు కూడా సరిగ్గా కనబడలేదు. నాన్న చాలాసేపు అక్కడే నిలబడ్డారు. తర్వాత ఎక్కిన పడవలో గంటసేపు మైకులో నెస్సీ కబుర్లే తప్ప విమానం ఊసు ఒక్కసారీ రాలేదు. నాకు మనసు చివుక్కుమంది. పడవ మానేసి కోటలోనే ఇంకో గంట గడిపినా బావుండేది.

1976లో నెస్సీ కోసం సోనార్‌తో (శబ్దతరంగాలతో నీటి అడుగు చూసే పరికరం) వెతుకుతున్న అమెరికన్లకు అడుగున ఈ విమానం దొరికింది. 1985 సెప్టెంబర్ 21న, దాదాపు 70 మీటర్ల లోతు నుంచి పైకి లేపారు. అంతకుముందు చేసిన ప్రయత్నంలో లేపడానికి కట్టిన చట్రమే వంగిపోయిందట. బయటికి తీశాక బ్యాటరీ తగిలిస్తే తోక దీపాలు వెలిగాయి. ఇది చెప్పేటప్పుడు నాన్న మొహం చూడాలి!

ఇప్పుడది ఉండేది లండన్ దగ్గరి వేబ్రిడ్జ్‌లోని బ్రూక్లాండ్స్ మ్యూజియంలో, 1939లో తయారైన చోటే. లండన్ వాటర్లూ నుంచి రైల్లో వెళ్లాలి. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక. మోకాళ్ల నొప్పులుంటే ట్యాక్సీ తీసుకోండి. పూర్తి రోజు కేటాయించండి. కాంకార్డ్ విమానం ఉంది, 1907 నాటి రేస్ ట్రాక్ ఉంది, పాత లండన్ బస్సులున్నాయి. మేం మాత్రం నాలుగు గంటల్లో రెండు గంటలు వెల్లింగ్టన్ దగ్గరే ఉన్నాం.

పైన కప్పిన గుడ్డ చాలాచోట్ల లేదు. లోపలి అల్యూమినియం అల్లిక బుట్టలా కనిపిస్తుంది. ఇంజినీరు బార్న్స్ వాలిస్ రూపొందించిన జియోడెటిక్ నిర్మాణం ఇదే. ఒకచోట తెగినా బరువు పక్క కడ్డీల మీదికి పోతుందని నాన్న వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి చూపించారు. అక్కడి వాలంటీర్ ఒకాయన అది చూసి దగ్గరికొచ్చారు. ఇంక ఇద్దరూ రివెట్ల గురించే మాట్లాడుకున్నారు.

1939 డిసెంబర్ 18న జర్మనీ దీవి హెలిగోలాండ్ దగ్గర జరిగిన దాడికి వెళ్లిన 22 వెల్లింగ్టన్లలో 12 కూలిపోయాయి. ఇది క్షేమంగా తిరిగొచ్చింది. అలాంటి విమానంలో, శత్రువు దరిదాపుల్లో లేని చోట, పాఠం నేర్చుకుంటూ ఒక మనిషి పోయాడు. యుద్ధకాలంలో బ్రిటన్ బాంబర్ల దళం బాంబర్ కమాండ్‌లో ఇలా శిక్షణలో, ఇతర ప్రమాదాల్లో పోయినవాళ్లు 8,000 మందికి పైనే.

వెళ్లేముందు నాన్న తోక దగ్గరికొచ్చి ఆగారు. గన్నర్ కూర్చునే చోటు చాలా ఇరుకు. మిగతా వాళ్లకు వీపు పెట్టి ఒక్కడే కూర్చోవాలి. "దూకమన్నమాట వినబడి, ఇందులోంచి బయటికి రావడానికే ఎంతసేపు పట్టిందో" అన్నారు. క్యాంటీన్‌లో టీ చల్లారిపోతోందని పిలిచినా కాసేపు కదల్లేదు.