ఇంట్లో కారు భాగాల బ్లాస్టింగ్: క్యాబినెట్టా, ప్రెషర్ ట్యాంకా?

పాత కారు బ్రాకెట్లు, వాల్వ్ కవర్ల మీది తుప్పు, పెయింటు ఇంట్లోనే బ్లాస్టింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో గ్రిట్ (గరుకు రేణువులు) కొట్టి వదిలించాలంటే రెండు దారులు: గ్లవ్స్‌లో చేతులు పెట్టి పనిచేసే సక్షన్ క్యాబినెట్, లేదా ఆరుబయట వాడే ప్రెషర్ ట్యాంక్.

వేగంలో ట్యాంక్‌దే పైచేయి. గ్రిట్‌ని గాలి వెనకనుంచి నెడుతుంది కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఛాసిస్, రిమ్ముల్లాంటి పెద్దవాటికి అదే సరి. క్యాబినెట్ గన్ గ్రిట్‌ని పీల్చుకోవాలి, అందుకే నెమ్మది. కానీ గ్రిట్ మళ్లీ వాడుకోవచ్చు, దుమ్ము చాలావరకు పెట్టెలోనే ఉంటుంది. ఇరుగుపొరుగు ఉన్న ఇంటికి నేను క్యాబినెట్టే కొనమంటాను.

దేనికైనా అసలు టెన్షన్ గాలి అందించే కంప్రెసర్‌తోనే. మామూలు సక్షన్ గన్‌కే 80 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర నిమిషానికి 10 ఘనపుటడుగులకు పైగా గాలి కావాలి. 2 హెచ్‌పీ కంప్రెసర్ అంత ఇవ్వలేదు. కాసేపు కొట్టడం, కంప్రెసర్ ట్యాంకులో గాలి నిండేదాకా ఆగడం. పైగా నాజిల్ రంధ్రం అరిగి వ్యాసం రెట్టింపైతే గాలి ఖర్చు నాలుగు రెట్లవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో గాలిలోని తేమను తీసే వాటర్ సెపరేటర్ లేకపోతే గ్రిట్ ముద్దకడుతుంది.

ఏది కొన్నా ఇసుక మాత్రం వాడొద్దు. ఆ సిలికా ధూళి తెచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు నయం కాదు. ఇనుముకి అల్యూమినియం ఆక్సైడ్, అల్యూమినియం భాగాలకి తక్కువ ఒత్తిడిలో గ్లాస్ బీడ్స్ చాలు. రెస్పిరేటర్ తప్పనిసరి. ఆయిల్ దారులు ముందే గట్టిగా మూసేయండి. ఒక్క గింజ మిగిలినా బేరింగ్ దెబ్బతింటుంది.