లారీ బోర్డుల్లో రామూప్స్: నా ఓటు దేనికంటే

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బిగించే జీపీఎస్ బోర్డుల్లో మేం లినక్స్ వాడతాం. బెంజి సర్కిల్ దాటకముందే బోర్డు రీస్టార్ట్ అయిపోతే, కారణం తెలియక ఒకటే టెన్షన్. లినక్స్‌లోనే ఉండే రామూప్స్ అనే సదుపాయం ఆన్ చేశాక ప్రాణం కుదుటపడింది. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ కూలే ముందు లాగ్‌ను, అంటే ఏం జరిగిందో చెప్పే చిట్టాను, ర్యామ్‌లో విడిగా ఉంచిన చోట రాసిపెడుతుంది. మళ్లీ లేచాక పీస్టోర్ అనే ఫోల్డర్‌లో ఫైలుగా దొరుకుతుంది.

అసలు సంగతి మెమరీ టైప్‌లో, అంటే ఆ ర్యామ్ చోటును ఎలా వాడాలో చెప్పే సెట్టింగ్‌లో ఉంది. డీఫాల్ట్ 0, అంటే రైట్‌ కంబైన్: రాతలను కలిపి ర్యామ్‌కు పంపే పద్ధతి. ఏఆర్ఎం రకం ప్రాసెసర్ ఉన్న మా బోర్డులకు నా ఓటు దానికే. 1 పెడితే క్యాష్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న వేగవంతమైన మెమరీ) ఉండదు. అదే భద్రం అనిపిస్తుంది గానీ, చాలా ఏఆర్ఎం చిప్‌లలో అలాంటి మెమరీపై రామూప్స్‌కు అవసరమైన అటామిక్ ఆపరేషన్లు (మధ్యలో ఆగకుండా ఒక్కసారిగా జరిగే పనులు) పనిచేయవు. 2 పెడితే పూర్తి క్యాష్, వేగం బాగుంటుంది. కానీ క్యాష్ నుంచి ర్యామ్‌కు ఇంకా చేరని లాగ్ లైన్లు రీసెట్‌లో పోవచ్చు. లాగ్‌లో చెడిన బిట్లను సరిచేసే ఈసీసీ కూడా తప్పక ఆన్ చేయండి. బ్యాటరీ వైరు పీకేస్తే మాత్రం ర్యామ్ చెరిగిపోతుంది కాబట్టి ఏ టైప్ పెట్టినా లాగ్ దక్కదు.