యూరప్ టేకు చేపల లెక్కలకు ఫిష్‌స్టాట్‌జే: బాగుంది, కానీ 2009 దగ్గర జాగ్రత్త

యూరప్ దేశాల్లో టేకు చేపల (ఇంగ్లిష్‌లో రే, స్కేట్) వేట పెరుగుతోందా, తగ్గుతోందా అని చూడటానికి ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి ఫిష్‌స్టాట్‌జే మంచి సాఫ్ట్‌వేర్. ఉచితం. 1950 నుంచి దేశాలవారీ లెక్కలు ఒక్కచోటే ఉంటాయి. ముందు ప్రపంచ వేట ఉత్పత్తి డేటాను దించుకుని అందులోకి ఎక్కించాలి. తర్వాత ప్రాంతం 27, అంటే ఈశాన్య అట్లాంటిక్, ఎంచుకోవాలి. మధ్యధరా కావాలంటే 37. జాతుల దగ్గర 38వ గ్రూపు మొత్తానికి టిక్ పెట్టేస్తే సొరచేపలు కూడా కలిసిపోతాయి. టేకు జాతులను ఒక్కొక్కటిగా ఎంచుకోవాల్సిందే. ఓపిక పట్టాలి, తప్పదు.

చాలామంది బోల్తా పడేది గ్రాఫులో థార్న్‌బ్యాక్ రే అనే టేకు జాతి గీత దగ్గర. 2009కి ముందు చాలా దేశాలు టేకులన్నిటినీ కలిపి ‘ఇతర రేలు’ అని ఒకే పద్దులో రాసేవి. ఆ ఏడాదికల్లా ఈయూ ముఖ్య జాతులను విడివిడిగా రాయమంది. దాంతో థార్న్‌బ్యాక్, కుకూ, బ్లాండ్ రేల గీతలు పైకి లేస్తాయి, ఉమ్మడి పద్దు పడిపోతుంది. సముద్రంలో చేప పెరిగిందని దీన్నిబట్టి చెప్పలేం. అందుకే ముందు ఉమ్మడి పద్దులైన ఎస్‌కేఏ, ఎస్‌ఆర్‌ఎక్స్ కోడ్‌లతో సహా అన్నీ కూడి దేశం మొత్తం గీత గీయండి. జాతుల పోలిక 2009 తర్వాతే పెట్టుకోండి.

ఉండ్యులేట్ రే తీరు వేరు. 2009లో దాన్ని ఒడ్డుకు తేవడం నిషేధించారు, తర్వాత కొన్నిచోట్ల చిన్న కోటాలతో సడలించారు. మధ్యలో కనిపించే సున్నాలు నిషేధం వల్ల వచ్చినవి, చేప లేక కాదు. కామన్ స్కేట్ పేరుతో ఉన్న పాత అంకెల్లో రెండు జాతులు కలిసి ఉన్నాయని 2010లో తేలింది. వాటిని ఇప్పుడు విడదీయలేం.

దీని పెద్ద లోపం: ప్రాంతం 27 అంతా ఒకే ముద్ద. ఉత్తర సముద్రం, ఐరిష్ సముద్రం విడిగా చూడలేం. ఆ పనికి అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి (ఐసీఈఎస్) వారి 2006 నుంచి ఉన్న సీఎస్‌వీ (పట్టిక) ఫైలు మేలు. అందులో ప్రాంతాల కోడ్‌లు ఉంటాయి: 27.4 ఉత్తర సముద్రం, 27.7.డి తూర్పు ఇంగ్లిష్ చానెల్. ఫిష్‌స్టాట్‌జే, ఐసీఈఎస్ రెండింటిలోనూ ఉన్నది బతికున్న చేప బరువు. రెక్కలుగా కోసి తెచ్చిన సరుకును గుణకంతో పెంచి రాస్తారు. సముద్రంలోనే వదిలేసిన చేప లెక్కలోకి రాదు. ఐసీఈఎస్ తాత్కాలిక అంకెల ఫైలు విడిగా ఇస్తుంది. తర్వాత మారతాయి కాబట్టి వాటిని గీత చివర అతికించకండి.